ఊలుతో అల్లితే కళ కాకుండా పోతుందా? ప్రజా కళల కమిటీకి ఒక బహిరంగ లేఖ

ప్రజా కళల ఎంపిక కమిటీ సభ్యులకు,

నమస్కారం.

మా దరఖాస్తుకు మీరు పంపిన జవాబు అందింది. రెండే వాక్యాలు. "అల్లిక హస్తకళల విభాగం కిందికి వస్తుంది. కాబట్టి దీన్ని ప్రజా కళ కింద పరిశీలించడం కుదరదు." కింద సంతకం, ముద్ర. మేం పంపిన కొలతల కాగితాలు, ఫొటోలు, అడుగు పొడవు నమూనా ముక్క, అన్నీ అదే కవరులో తిరిగొచ్చాయి. నమూనాని చుట్టి కట్టిన దారం ముడి కూడా ఎవరూ విప్పలేదు.

ఆ విప్పని ముడి గురించే ఈ లేఖ. మీరు చూసి బాగాలేదని చెప్పినా, రంగులు కుదరలేదని చెప్పినా, ఇందులో చెప్పుకోదగ్గ ఆలోచనేమీ లేదని చెప్పినా మేం బాధపడేవాళ్ళం, కానీ ఒప్పుకునేవాళ్ళం. మళ్ళీ కూర్చుని అల్లేవాళ్ళం. అల్లేవాళ్ళకి విప్పి మళ్ళీ అల్లడం కొత్త కాదు, సగం పని అదే. కానీ మీరు చూడలేదు. దేనితో తయారైందో చదివి, అక్కడితో ఫైలు మూసేశారు. ఇదే జవాబు అందుకున్నవాళ్ళు ఇంకా చాలా ఊళ్ళలో ఉన్నారు. అందుకే మీ ఒక్కరికే రాసి ఊరుకోకుండా, అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మేం చేసిందేమిటో చెబుతాను.

జనం రోడ్డు దాటే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఒకటుంది. దాని మెట్ల రెయిలింగ్ ఇనుప గొట్టం, పైన ఆకుపచ్చ పెయింట్. రోజూ ఎక్కి దిగేవాళ్ళెవరూ దాన్ని చూడరు. పట్టుకుంటారు, వదిలేస్తారు. ఏళ్ళ తరబడి నేనూ అంతే. మోకాలి ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఆ మెట్లెక్కిన రోజున మాత్రం రెయిలింగే నాకు ఆధారం. రెండు చేతులతో పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ ఎక్కాను. అంత నెమ్మదిగా వెళ్ళాను కాబట్టే కనబడింది: పెయింట్ అన్నిచోట్లా ఒకేలా అరగలేదు.

ఎక్కేవైపు మొదటి ఏడెనిమిది మెట్ల దగ్గర పెయింట్ దాదాపు కొత్తదానిలా ఉంది. అక్కడింకా ఎవరికీ ఆయాసం రాదు, రెయిలింగ్ అక్కర్లేదు. ఆ తర్వాత అరుగుదల మొదలవుతుంది. మధ్యలో మెట్లు మలుపు తిరిగేచోట పెయింట్ అన్నదే లేదు, ఇనుము నున్నగా మెరుస్తోంది. అందరూ ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకునే చోటు అది. దిగేవైపు అరుగుదల వేరేలా ఉంది. గొట్టం పైభాగమంతా సన్నటి చారలా పోయింది, ఎందుకంటే దిగేటప్పుడు చెయ్యి పట్టుకోదు, జారుతూ వస్తుంది. ఇక అన్నిటికంటే కింద, నేల నుంచి రెండడుగుల ఎత్తులో, ఒక నిలువు కమ్మీ మీద అరచెయ్యంత మెరుపు. చిన్నపిల్లల చేతులకి అందే ఎత్తు అది.

ఆ అరుగుదలని మేం ఊలుతో అల్లాం. పదకొండు మంది, నాలుగు నెలలు. పెయింట్ నిలిచి ఉన్నచోట బూడిద రంగు, అరిగేకొద్దీ నారింజ, ఇనుము పూర్తిగా బయటపడిన చోట ముదురు ఎరుపు. రంగుతో పాటు కుట్టు కూడా మార్చాం. బూడిద రంగు భాగం నున్నగా, సాదాగా ఉంటుంది. ఎరుపు దగ్గరికొచ్చేసరికి గింజలు గింజలుగా, మందంగా, కళ్ళు మూసుకుని పట్టుకున్నా తేడా తెలిసేలా అల్లాం. గొట్టం చుట్టుకొలత 16 సెంటీమీటర్లు ఉంటే అల్లిక వెడల్పు 14కి కాస్త పైన ఉంచాం. అలా కొంచెం తక్కువ అల్లితేనే అది సాగి గొట్టాన్ని పట్టుకుంటుంది, లేకపోతే వారంలో వేలాడిపోతుంది. రెయిలింగ్‌కి అడుగడుక్కీ కమ్మీలుంటాయి కాబట్టి తొడుగులా అల్లి ఎక్కించడం కుదరదు. పట్టీలుగా అల్లి, అక్కడికి తీసుకెళ్ళి, చుట్టి, అంచుకి అంచు కలిపి నిలబడి కుట్టాలి. అన్నేళ్ళుగా ఎక్కినవాళ్ళు ఎక్కడ అలిసిపోయారో, ఎక్కడ తేలిగ్గా దిగిపోయారో, ఎక్కడ పిల్లలు ఆగారో, అదంతా రోడ్డు అవతల నుంచి చూసినా కనబడాలన్నది మా ఆలోచన.

మా వైపు జరిగిన తప్పు కూడా దాచుకోను. మొదట ఆరు మీటర్ల మేర అనుమతి లేకుండానే కుట్టాం. ఎలా నిలుస్తుందో చూద్దామనుకున్నాం. తొమ్మిదో రోజు నిర్వహణ సిబ్బంది వచ్చి కత్తితో కోసి తీసేశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకి అప్పగించిన పని వాళ్ళు చేశారు. నేను వెళ్ళేసరికి వాళ్ళలో ఒకాయన ఆ ముక్కల్ని చెత్త సంచిలో వెయ్యకుండా చుట్టలా చుట్టి పక్కన పెట్టి, "ఎవరైనా అడుగుతారేమోనని ఉంచాను" అన్నారు. ఇంటికి తెచ్చి పరిచి చూశాను. అల్లికలో ప్రతి లూపూ కింది వరుసలోని లూపు లోంచి పుట్టి, పై వరుసలోని లూపుని మోస్తుంది. మధ్యలో ఒకటి తెగితే ఆ నిలువు వరుస మొత్తం నిచ్చెనలా విడిపోతూ పోతుంది. మలుపు దగ్గరి ఎర్ర ముక్క అలా చివరిదాకా విడిపోయింది. నాలుగు నెలల్లో దాదాపు మూడు వారాలు ఆ ఒక్క ముక్కకే పట్టింది.

ఆ తర్వాతే పద్ధతిగా వెళ్దామని మీకు దరఖాస్తు పెట్టాం.

ఇప్పుడు మీ రెండు వాక్యాల సంగతికి వస్తాను. అల్లిక హస్తకళ అనడంలో తప్పు లేదు, అది నిజంగా చేతిపనే. రాయి చెక్కడమూ చేతిపనే, కంచు పోత పొయ్యడమూ చేతిపనే. అవి మీ జాబితాలో ప్రజా కళ కింద ఉన్నాయి. మరి ఊలు దగ్గర మాత్రమే 'చేతిపని కాబట్టి కళ కాదు' అన్న మాట ఎందుకొచ్చింది? దీనికి వెనక చాలా పెద్ద కథ ఉంది.

యూరప్‌లో ఒకప్పుడు చేతి అల్లిక మగవాళ్ళ వృత్తి. 16వ శతాబ్దం నుంచి అల్లికవాళ్ళకి వృత్తి సంఘాలుండేవి. కుర్రాడు ఏళ్ళ తరబడి శిష్యరికం చేసి, చివర్లో పరీక్షగా కొన్ని వస్తువులు అల్లి చూపించాలి. ఇప్పటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ప్రాంతంలో ఆ పరీక్షకి పెద్ద పెద్ద తివాచీలే అల్లేవాళ్ళు, పూలతో, పక్షులతో, బొమ్మలతో. 1781 నాటిది ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అలా పెద్దల ముందు పెట్టి నెగ్గించుకునే పరీక్ష వస్తువునే మాస్టర్‌పీస్ అనేవాళ్ళు. ఇవాళ గొప్ప చిత్రానికీ గొప్ప శిల్పానికీ మనం వాడే మాట, అల్లికవాళ్ళు కూడా రాసిన పరీక్షలోంచి వచ్చింది. మరోవైపు ఇంగ్లండ్‌లో విలియం లీ 1589లోనే మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. పోనుపోను సంపాదన యంత్రాల వైపు వెళ్ళింది, చేతి అల్లిక ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర మిగిలింది. సూదులు అవే, లూపులు అవే, పట్టే ఓపికా అంతే. చేసేవాళ్ళు మారాక దాని పేరు కాలక్షేపం అయింది.

ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఇదే ధోరణి. కొత్త ఆలోచనలకి పుట్టిల్లని పేరున్న జర్మనీ కళాశాల బౌహౌస్ 1919లో మొదలైంది. ఆడవాళ్ళని చేర్చుకుంది గానీ, చాలామందిని నేత విభాగం వైపే మళ్ళించింది. ఆనీ ఆల్బర్స్ గాజు పని నేర్చుకుందామని వెళ్ళి నేతలోకి వచ్చారు. అదే ఆనీ ఆల్బర్స్ నేత పనులతో 1949లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. ఆ మ్యూజియంలో దారం పనిచేసే ఒక్క మనిషికి మొత్తం ప్రదర్శన దక్కడం అదే మొదటిసారి. అప్పటికి పాతికేళ్ళకు పైగా ఆవిడ ఆ మగ్గం ముందే ఉన్నారు. మగ్గం మారలేదు, చూసేవాళ్ళు చూడ్డం మొదలుపెట్టారు.

ఫారంలో ఏ గడిలో పడుతుందన్న దాన్ని బట్టి కళని తేల్చడం వల్ల ఏమవుతుందో 1926లో న్యూయార్క్ రేవులో తెలిసింది. బ్రాంకూసి అనే శిల్పి చేసిన కంచు శిల్పం ఒకటి ఓడలో దిగింది. సన్నగా, నిలువుగా, నున్నగా, ఎగిరే పక్షి ఊపుని మాత్రమే చూపించే శిల్పం. కస్టమ్స్ అధికారులకి అందులో రెక్కలు కనబడలేదు, ముక్కు కనబడలేదు. కళాఖండమైతే సుంకం ఉండదు. వాళ్ళు దాన్ని వంటింటి సామాను, ఆసుపత్రి పరికరాలు ఉండే గడిలో వేసి 40 శాతం సుంకం కట్టమన్నారు. కేసు కోర్టుకెళ్ళింది. 1928లో తీర్పు వచ్చింది: ఈ కొత్త ధోరణి మాకు నచ్చినా నచ్చకపోయినా, అలాంటిదొకటి ఉందనీ, కళాలోకం మీద దాని ప్రభావం ఉందనీ లెక్కలోకి తీసుకోక తప్పదు, ఇది కళాఖండమే అని. ఆ న్యాయమూర్తులు శిల్పాన్ని కోర్టులోకి తెప్పించుకున్నారు, కళాకారుల్ని, విమర్శకుల్ని పిలిచి అడిగారు. మేం మిమ్మల్ని అడిగేది అందులో పదో వంతు. ఒక్క ముడి విప్పి చూడమని.

మీలో కొందరికి ఇంకో అభ్యంతరం ఉండొచ్చు. ఉన్న వస్తువుకి గుడ్డ చుడితే అది కళ ఎలా అవుతుందని. క్రిస్టో, జాన్ క్లోడ్ అనే కళాకార దంపతులు చేసింది సరిగ్గా అదే. బెర్లిన్‌లోని పార్లమెంటు భవనం రైష్‌టాగ్‌ని మొత్తంగా గుడ్డతో చుట్టాలన్న ఆలోచన వాళ్ళకి 1971 నాటిది. ఇరవై ఏళ్ళకు పైగా అనుమతుల కోసం తిరిగారు. చివరికి 1994 ఫిబ్రవరిలో జర్మనీ పార్లమెంటు దీని మీద చర్చ పెట్టి ఓటింగ్ జరిపింది. 292 మంది సరేనన్నారు, 223 మంది వద్దన్నారు. 1995 వేసవిలో లక్ష చదరపు మీటర్లకు పైగా వెండి మెరుపు గుడ్డ ఆ భవనాన్ని కప్పింది. రెండు వారాలుంది, సుమారు 50 లక్షల మంది వచ్చి చూశారు, తర్వాత తీసేశారు. ఒక దేశపు పార్లమెంటు సభ్యులు తమ పని పక్కన పెట్టి, ఒక భవనానికి గుడ్డ చుట్టడం గురించి కూర్చుని వాదించుకున్నారు. వద్దన్న 223 మంది మీద కూడా నాకు గౌరవమే, ఎందుకంటే వాళ్ళు విని, ఆలోచించి వద్దన్నారు.

ఊలు దగ్గరికి వస్తే, వీధుల్లో అల్లిక అనే ఈ ధోరణికి వయసు మరీ ఎక్కువ లేదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో మాగ్దా సాయెగ్ 2005లో తన షాపు తలుపు పిడికి ఒక అల్లిక తొడుగు వేశారు. తర్వాత వీధిలో స్టాప్ బోర్డు స్తంభానికి. జనం ఆగి చూడటం మొదలుపెట్టారు. అక్కడి నుంచి అది ఎన్నో దేశాలకు పాకింది. దీనికి యార్న్ బాంబింగ్ అని పేరు పడింది. నాకైతే ఆ పేరులోని బాంబు నచ్చదు. లండన్‌లో కొందరు యార్న్‌స్టార్మింగ్ అంటారు. మేం ఉత్త అల్లిక అనే అంటాం.

ఇందులో నన్ను అన్నిటికంటే కదిలించింది కోపెన్‌హాగన్‌లో 2006 ఏప్రిల్‌లో జరిగింది. డెన్మార్క్ కళాకారిణి మరియానె యోర్గెన్‌సెన్ రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి ఒక యుద్ధ ట్యాంకుని గులాబీ రంగు అల్లికతో పూర్తిగా కప్పేశారు. ఇరాక్ యుద్ధంలో డెన్మార్క్ పాల్గొనడాన్ని నిరసిస్తూ చేసిన పని. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల చదరాలు, 4,000కు పైగా. డెన్మార్క్, బ్రిటన్, అమెరికాతో పాటు ఇంకా ఎన్నో చోట్ల నుంచి జనం అల్లి పంపారు. ఫొటోలో దగ్గరగా చూడండి. ఏ రెండు చదరాలూ ఒకేలా ఉండవు. ఒకటి ముదురు, ఒకటి లేత. ఒకటి బిగుతు, ఒకటి వదులు. కొన్ని అప్పుడే నేర్చుకున్న చేతులు అల్లినవని అంచులు చూస్తే తెలిసిపోతుంది. ఆ ట్యాంకుకి గులాబీ పెయింట్ వేసి ఉంటే ఒక మనిషి ఒక రోజు కోపం అయ్యేది. అల్లడం వల్ల అందులో వేల గంటలు చేరాయి. చలికి ఒంటిమీద కప్పుకునే దాన్ని తెచ్చి, చంపడానికి తయారైన యంత్రానికి తొడిగారు. ఫిరంగి గొట్టానికి కూడా. రాయితో, కంచుతో, పెయింటుతో ఈ మాట చెప్పలేరు. ఊలుతోనే చెప్పగలరు. అది కళ కాదని చెప్పడానికి మీ దగ్గర ఏదైనా కొలత ఉంటే నాకు దయచేసి రాయండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

న్యూయార్క్ వాల్ స్ట్రీట్ దగ్గర రంకె వేస్తున్నట్టుండే కంచు ఎద్దు సంగతి కూడా చెప్పాలి. 2010 క్రిస్మస్ రోజుల్లో ఒలెక్ అనే పోలండ్ కళాకారిణి ఆ ఎద్దుకి కొమ్ముల నుంచి తోక దాకా గులాబీ, ఊదా రంగుల క్రోషియా తొడుగు వేశారు. అనుమతి లేదు. కొద్ది గంటల్లోనే కోసి తీసేశారు. కానీ ఆ ఎద్దు అక్కడికి ఎలా వచ్చింది? 1989 డిసెంబర్‌లో అర్తూరో ది మోదికా అనే శిల్పి, మూడు టన్నులకు పైగా బరువున్న ఆ ఎద్దుని రాత్రికి రాత్రి తెచ్చి స్టాక్ ఎక్స్ఛేంజ్ ముందు దించేశాడు. ఆయనకీ అనుమతి లేదు. అధికారులు అదే రోజు తీయించేశారు. జనం గొడవ చేస్తే కొన్ని రోజులకి దగ్గర్లోని పార్కు పక్కన చోటిచ్చారు. ఆ చోటులోనే ఇవాళ్టికీ ఉంది, వచ్చినవాళ్ళంతా దానితో ఫొటోలు దిగుతారు. ఒలెక్ కూడా తన పని ఆ శిల్పి మీద గౌరవంతో చేసిందనే చెప్పారు. ఇద్దరూ అడగకుండానే పెట్టారు. కంచుకి మళ్ళీ చోటు దొరికింది, దారానికి కత్తి దొరికింది. అనుమతి లేనివన్నీ ఉంచేయండని నేను అనడం లేదు. రెండింటినీ ఒకే కళ్ళతో చూడమంటున్నాను.

మరి వీధిలో అల్లిక కనబడితే చాలు, అది కళేనా? కాదు. ఈ మాట అల్లేవాళ్ళలో చాలామందికి నచ్చదు, మా పదకొండు మందిలోనే దీని మీద పెద్ద వాదన జరిగింది. స్తంభానికి రంగు చారల తొడుగు వేస్తే చూడటానికి బాగుంటుంది, దారిన పోయేవాళ్ళ మొహంలో ఒక నవ్వు వస్తుంది. అది చిన్న విషయం కాదు, కానీ అది అలంకారం. నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆ అల్లికని అక్కడి నుంచి తీసి వేరే స్తంభానికి తొడిగితే ఏమైనా పోతుందా? ఏమీ పోకపోతే అది అలంకారం. గులాబీ చదరాలని ట్యాంకు మీద నుంచి తీసి కారు మీద కప్పితే మిగిలేది దుప్పటి. మా రెయిలింగ్ పట్టీలని వేరే మెట్లకి కుడితే ఎరుపంతా అబద్ధం అయిపోతుంది, అక్కడ అలసిపోయే చోటు వేరు కాబట్టి. నా పరీక్ష తప్పు కావచ్చు, మీ దగ్గర ఇంతకంటే మంచిది ఉండొచ్చు. ఏదో ఒక పరీక్ష పెట్టండి. మమ్మల్ని ఫెయిల్ చెయ్యడానికైనా సరే, పెట్టండి.

మామీద వచ్చే మిగతా ఫిర్యాదుల్లో నిజం ఉన్నవీ ఉన్నాయి. చెట్టు మానుకి బిగుతుగా తొడిగి నెలల తరబడి వదిలేస్తే లోపల తేమ నిలుస్తుంది, పురుగు చేరుతుంది, మాను లావెక్కే కొద్దీ ఒత్తుకుంటుంది. వదులైన దారాల్లో పక్షుల కాళ్ళు చిక్కుకోవచ్చు. చవగ్గా దొరికే అక్రిలిక్ నూలు నిజానికి ప్లాస్టిక్. ఎండకీ వానకీ చివికి, పీచు పీచుగా రాలి మట్టిలో కలుస్తుంది కానీ కుళ్ళదు. ట్రాఫిక్ గుర్తులకి అడ్డంగా వేస్తే ప్రమాదం. ఇక వానలో తడిసి, దుమ్ము పట్టి, రంగు వెలిసి వేలాడే అల్లిక కంటే దిగులు పుట్టించేది వీధిలో ఇంకోటి ఉండదు, ఇది నేనే ఒప్పుకుంటాను. అందుకే మా దరఖాస్తులో రాశాం: చెట్ల జోలికి వెళ్ళం, అసలు ఊలు తప్ప వాడం, ఆరు వారాలు దాటి ఉంచం, వారానికోసారి వచ్చి చూసుకుంటాం, పట్టు జారిన చోట అదే రోజు తీసేస్తాం. అది నాలుగో పేజీలో ఉంది.

ఆరు వారాలే ఉండేదానికి కళ అనే పేరెందుకని అడుగుతారేమో. అమెరికాలో దీని మీద పెద్ద కేసే నడిచింది. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్జ్ అని పాత ఫ్యాక్టరీ భవనాలుండేవి, గోడల నిండా గ్రాఫిటీ, అంటే స్ప్రే పెయింట్‌తో వేసిన బొమ్మలు, రాతలు. 2013లో యజమాని రాత్రికి రాత్రి వాటికి సున్నం కొట్టించినట్టు తెల్ల పెయింట్ వేయించేశాడు. 21 మంది కళాకారులు కోర్టుకెళ్ళారు. 2018లో న్యాయమూర్తి వాళ్ళకి 67.5 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పారు. 2020లో పై కోర్టు కూడా దాన్ని సమర్థించింది. కొద్దికాలమే ఉండేదైనా గుర్తింపు పొందిన కళ కావచ్చనీ, దానికీ చట్టం రక్షణ ఉంటుందనీ తేల్చింది. అది వాళ్ళ దేశపు చట్టం, ఇంకో చోట వర్తించదు. కానీ ఆ వాదన ఎక్కడైనా వాదనే.

ఇంకా నచ్చిన ఉదాహరణ అమెరికాలోనే పిట్స్‌బర్గ్‌ది. 2013లో అక్కడి ఆండీ వార్హోల్ వంతెనని అల్లిక పలకలతో కప్పారు, 500కు పైగా పలకలు, వెయ్యి మందికి పైగా చేతులు. అన్నీ ముందే అనుమతి తీసుకుని, ఇంజినీర్లతో మాట్లాడి చేశారు. అధికారులు వద్దని తలుపు వెయ్యకుండా, ఏ షరతులతో కుదురుతుందో కూర్చుని చెప్పారు కాబట్టి అది సాధ్యమైంది. కొన్ని వారాల తర్వాత తీసేసి, ఉతికి, దుప్పట్లుగా ఇల్లు లేనివాళ్ళకీ అవసరమున్నవాళ్ళకీ ఇచ్చారు. కంచు విగ్రహాన్ని తీసేశాక ఎవరికి కప్పగలం?

ముట్టుకోవడం గురించి ఒక్క మాట. తొషికో హోరియుచి మక్ఆడమ్ అనే జపాన్ కళాకారిణి చేత్తో అల్లిన పెద్ద శిల్పాన్ని 1970ల్లో ప్రదర్శనలో వేలాడదీస్తే, ఇద్దరు పిల్లలు అడిగి మరీ ఎక్కి ఊగడం మొదలుపెట్టారు. వాళ్ళ బరువుకి ఆ అల్లిక సాగి కదులుతుంటే ఆవిడ పనే మలుపు తిరిగింది. అప్పటి నుంచి పిల్లలు ఎక్కి, దూరి, దొర్లే అల్లిక ఆటస్థలాలు కట్టడం మొదలుపెట్టారు. జపాన్‌లోని హకోనె ఆరుబయటి మ్యూజియంలో అలాంటిదొకటి ఉంది. కూడళ్ళలో పెట్టిన విగ్రహాల చుట్టూ గొలుసులు, దూరంగా ఉండమని బోర్డులు. మా తొమ్మిది రోజుల్లో నేను సాయంత్రాలు ఆ మెట్ల పక్కన నిలబడి చూసేదాన్ని. ఫోన్‌లో మాట్లాడుతూ ఎక్కుతున్నవాళ్ళు కూడా ఎరుపు దగ్గరికి రాగానే చేతి కింద ఏదో మారిందని తల తిప్పి చూసేవాళ్ళు. ఒక ముసలాయన మలుపు దగ్గర ఆగి, ఎర్ర భాగాన్ని అరచేత్తో రెండుసార్లు రాసి, "ఇక్కడే కదా ఆగేది" అన్నారు, నాతో కాదు, తనలో తానే. వివరం రాసిన బోర్డేదీ పెట్టలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయనకి అర్థమైంది.

ఇంతకీ మేం అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. మీ దరఖాస్తు ఫారంలో 'మాధ్యమం' అన్న చోట రాయి, లోహం, చెక్క, పెయింట్ ఉన్నాయి. అక్కడ వస్త్రం, దారం అన్న ఒక్క గడి చేర్చండి. తాత్కాలిక పనులకి విడిగా గడువు, షరతులు రాయండి, రాతపూర్వకంగా ఉంటే మేమూ కట్టుబడి ఉంటాం. అనుమతి లేని అల్లిక ఎక్కడైనా కనబడితే, ప్రమాదం లేనప్పుడు, కొయ్యకముందు మూడు రోజులు ఒక చీటీ అంటించండి. అల్లినవాళ్ళే వచ్చి కుట్టు విప్పుకుని తీసుకెళ్తారు. అంచు కుట్టు విప్పితే అల్లిక చెక్కుచెదరకుండా ఊడొస్తుంది, అరగంట పని. కమిటీలో కుట్టు పనో, నేత పనో, అల్లిక పనో బాగా తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండేలా చూడండి. శిల్పాన్ని చూడటానికి శిల్పం తెలిసినవాళ్ళని పిలుస్తారు కదా.

ఈ లేఖతో పాటు అదే దరఖాస్తు మళ్ళీ జత చేస్తున్నాం. కొలతలు మారలేదు. విడిపోయిన ఎర్ర ముక్కని మొదటి నుంచి మళ్ళీ అల్లాం. నమూనా ఈసారి చుట్టి కట్టలేదు, విప్పే శ్రమ లేకుండా మీ బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్ అంత లావు గొట్టం ముక్కకి కుట్టి పంపుతున్నాం. ఒక చివర బూడిద రంగు, ఇంకో చివర ఎరుపు. సమావేశంలో దాన్ని ఒకరి చేతి నుంచి ఒకరికి అందించండి. పట్టుకుని, బూడిద రంగు నుంచి ఎరుపు దాకా అరచెయ్యి జరిపి, ఆ తర్వాత మీకేమనిపించిందో రాయండి. ఈసారి రెండు వాక్యాలే అయినా చాలు.

ఇట్లు,
ఆ మెట్ల రెయిలింగ్‌కి అల్లిన పదకొండు మందిలో ఒకరు